తెర మీద సముద్రం

స్ఫాక్స్,
4 ఏప్రిల్ 2019, గురువారం.

ప్రియమైన ఎమ్నాకి,

వసీలా సలాములు. కవరు మీద నా చేతిరాత చూసి కూడా చించెయ్యకుండా ఇక్కడిదాకా చదివావంటే అదే నాకు పదివేలు. నేను కులాసాగానే ఉన్నాను. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. జూలైలో రిటైరవుతాను. నీ క్షేమం అడిగే చనువు ఇరవై మూడేళ్ళ కిందటే పోగొట్టుకున్నాను కాబట్టి అడగను. బాగుండాలని మాత్రం కోరుకుంటాను. కెఫ్‌లో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నావనీ, క్లాసులో నిన్ను చూసి హడలిపోయే పిల్లలే సాయంత్రం సందేహాలు పట్టుకుని నీ గుమ్మం ముందు నిలబడతారనీ మీ చెల్లెలు చెప్పింది. అడ్రసు ఇచ్చింది కూడా తనే. దాన్ని కోప్పడకు. నేనే విసిగించి తీసుకున్నాను.

ఇన్నాళ్ళకి ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

ఫిబ్రవరిలో ట్యూనిస్ నుంచి ఫోనొచ్చింది. ఇబ్తిసాం అనే ఇంజనీరు. మన సముద్ర సూచనల కేంద్రంలోనే పనిచేస్తోంది. ముప్పై దాటిన మనిషి, మాట ముక్కుసూటి. కేంద్రం కొత్త భవనంలోకి మారుతోందట. కింది అంతస్తులో పడున్న పాత యంత్రాల్ని పారేసేముందు వాటిలో ఏముందో చూడమని ఆమెకి అప్పగించారట.

“మేడమ్, ఇందులో ఒక అలల ప్రోగ్రాం దొరికింది. రాసినావిడ పేరు ఎమ్నా. స్ఫాక్స్ నుంచి వాడినవాళ్ళలో మీ పేరుంది. ఇంకా ఉన్నారన్నమాట!” అంది.

“ఉన్నది నేనా, ప్రోగ్రామా?” అని అడిగాను.

“ఇద్దరూ ఉన్నారు మేడమ్. ప్రోగ్రామే కాస్త గట్టిగా ఉన్నట్టుంది,” అంది.

నవ్వాను.

నీకు గుర్తుందో లేదో, నువ్వు ఆ ప్రోగ్రాం చూపించడానికి మొదటిసారి మా రేవు ఆఫీసుకి వచ్చిన రోజు. తొంభై రెండు, అక్టోబరు. మా దగ్గరున్నది ఒక చిన్న యంత్రం, ఒక తెర, ఒక టెలిఫోను లైను. గాలినీ అలల్నీ లెక్కకట్టడం దాని తరం కాదు. లెక్కకట్టే పెద్ద యంత్రం ట్యూనిస్‌లో ఉంది. నీ ప్రోగ్రాం అక్కడే నడుస్తుందనీ, దాని కిటికీ మాత్రం ఇక్కడ మా తెర మీద తెరుచుకుంటుందనీ, మేమిక్కడ మౌస్ నొక్కితే ఆ నొక్కు ట్యూనిస్ వెళ్ళి, జవాబు బొమ్మగా గీసుకుంటూ వెనక్కి వస్తుందనీ నువ్వు చెబుతుంటే మా ఆఫీసరు షెద్లీ గారు నోరు తెరుచుకుని విన్నాడు. ఆయన ముఖం చూసి నువ్వు, “వంట ట్యూనిస్‌లో, వడ్డన స్ఫాక్స్‌లో అనుకోండి సార్,” అన్నావు.

“అంతదూరం నుంచొస్తే చల్లారిపోదటమ్మా?” అన్నాడాయన.

అందరం నవ్వాం. నువ్వు నవ్వలేదు. అదే అసలు ప్రశ్న అన్నావు.

కెఫ్ కొండల్లో పుట్టి, పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా సముద్రం చూడనిదానివి. హాస్టల్లో నా మంచం పక్క మంచం నీది. మొదటి సెలవులకి నిన్ను మా ఇంటికి తీసుకొస్తే నీళ్ళలో కాలు పెట్టడానికి గంటసేపు ఆలోచించావు. అలాంటిదానివి గేబెస్ సింధుశాఖ మొత్తాన్ని లెక్కల్లోకి దించావు. పడవలవాళ్ళు మొదట్లో ఏడిపించారు. “కొండ మీది పిల్లకి అల సంగతేం తెలుసు? మేకల్ని కాసుకోమను!” అనేవాళ్ళు. ఒక చలికాలం గడిచేసరికి నోళ్ళు మూతపడ్డాయి. రెండో చలికాలానికి పొద్దున్నే కిటికీలోంచి తల పెట్టి, “కెఫ్ పిల్ల ఏమంటోంది?” అని అడగడం మొదలుపెట్టారు. నేను తెర చూసి చెప్పేదాన్ని. సముద్రం చెడ్డగా ఉంటే ఎర్ర జెండా ఎత్తేదాన్ని. ఎత్తితే ఎవ్వరూ కదిలేవాళ్ళు కాదు. ఇద్దరం కలిసి చేసిన పని అది. నువ్వక్కడ, నేనిక్కడ. ఎంత గర్వంగా ఉండేదో! రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. సగం పని గురించి, సగం నీకు వచ్చే సంబంధాల గురించి.

ఆ మార్చి ఉదయం సంగతి నీకు తెలియనిది కాదు. కానీ మనిద్దరం కూర్చుని దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అందుకే నేను చూసింది చూసినట్టు రాస్తాను.

తొంభై ఆరు, మార్చి పన్నెండు. ఐదున్నరకి ఆఫీసు తెరిచాను. నీ కిటికీ తెర మీద ఎప్పటిలాగే ఉంది. తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుందని ముందురోజు దాన్ని మూయకుండానే వదిలి వెళ్ళేదాన్ని కదా. తీరం గీత, కెర్కెన్నా దీవులు, చిన్న చిన్న నీలం బాణాలు. పైన తేదీ, ఉదయం ఎనిమిదింటికి సముద్రం ఇలా ఉంటుందని. అంతా నెమ్మది. ఆరింటికి మన్సూర్ బాబాయి వచ్చాడు. కెర్కెన్నా మనిషి, ముందురోజు సరుకు దించడానికి వచ్చి ఇక్కడే ఆగిపోయాడు. నువ్వు ఆయన్ని ఒకసారి చూశావు. మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని నీకు రొయ్యలు ఒలవడం నేర్పించాడు, నీ వేళ్ళు కోసుకుపోయాయి.

“చెల్లీ, గాలి ఉక్కగా ఉంది. తూర్పు నుంచి ఏదో వస్తున్నట్టుంది. కెఫ్ పిల్ల ఏమంటోంది?” అన్నాడు. నేను బాబాయి అని పిలిచినా ఆయన నన్ను చెల్లీ అనే పిలిచేవాడు. రేవులో ఆడవాళ్ళందరూ ఆయనకి చెల్లెళ్ళే.

తెర చూశాను. “ఏం లేదంటోంది బాబాయ్.”

“అది లేదంటే లేనట్టే. నా మోకాలి మాట వింటే నలభై ఏళ్ళుగా ఇంట్లోనే కూర్చోవాలి,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. జెండా ఎత్తలేదు. ఏడింటిలోపు పదకొండు పడవలు వెళ్ళాయి.

ఎనిమిది దాటాక నీ ఫోను. పలకరింపు లేదు, ఏం లేదు. “వసీలా, జెండా ఎత్తావు కదూ?” అన్నావు. నేను మడిచిపెట్టిన జెండా వైపు చూశాను. “నాలుగింటి లెక్కలో అంతా ఎర్రగా ఉంది. ఎత్తావు కదూ?” అని మళ్ళీ అడిగావు. నీ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది.

తొమ్మిదింటికి తూర్పు గాలి కొట్టింది. పది పడవలు దెబ్బలు తగిలించుకుని ఎలాగో తిరిగొచ్చాయి. మన్సూర్ బాబాయి పడవ బోల్తాపడింది. ముగ్గురిని ప్రాణాలతో పైకి తీశారు. ఆయన దొరకలేదు.

మే నెలలో విచారణ. తెర మీద సముద్రం నెమ్మదిగానే కనిపించిందని నేను చెప్పాను. తెల్లవారుజామున నాలుగింటి లెక్కలోనే తుపాను ఉందని నువ్వు చెప్పావు. చూపించమన్నారు. ఆ రోజే పదింటి లెక్క వచ్చి నాలుగింటి బొమ్మని చెరిపేసింది. అంకెలన్నీ టేపు మీద ఉంటాయి, తెప్పించండి అన్నావు. టేపు కనపడటం లేదన్నారు. తప్పు ప్రోగ్రాందని తేల్చారు. నిన్ను పనిలోంచి తప్పించారు. పత్రికల్లో నీ పేరు వేశారు, నాది వేయలేదు. నువ్వు గదిలోంచి బయటికి వెళ్తూ నా పక్కనుంచే వెళ్ళావు. నన్ను చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఇబ్తిసాంకి ఆ టేపు దొరికింది. ఏదో జీతాల చీటీ అంటించి ఉన్న పెట్టెలో పడి ఉందట. చదవడానికి నెల పట్టిందట. పోయిన నెల ఇరవయ్యో తారీఖున తన లాప్‌టాప్ పట్టుకుని స్ఫాక్స్ వచ్చింది. నా బల్ల మీద పెట్టి, ట్యూనిస్‌లో ఆ ముసలి యంత్రాన్ని ఇంకా విప్పలేదనీ, ప్రోగ్రాం అందులోనే నడుస్తుందనీ, మనం ఇక్కడ చూస్తామనీ చెప్పింది. “పాత పద్ధతే మేడమ్. మీకు నేను కొత్తగా చెప్పేదేముంది!” అంది.

ఎమ్నా, నీ కిటికీ తెరుచుకుంది.

అప్పట్లో దీవుల్ని గీసేలోగా టీ కాచుకుని తాగేసేవాళ్ళం. ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోగా వచ్చేసింది. అదే తీరం గీత. అవే బాణాలు. నువ్వు తప్పు రాసిన ఊరి పేరు కూడా అలాగే ఉంది. ఇబ్తిసాం తేదీ కొట్టింది. మార్చి పన్నెండు, నాలుగింటి లెక్క. నీలం బాణాలు ఒక్కొక్కటే ఎర్రబడి, దీవులకి తూర్పున గుంపుకట్టాయి. చూడటానికి ఏ చదువూ అక్కర్లేదు.

“ఇది చూసినవాళ్ళు ఎవరైనా జెండా ఎత్తుతారు మేడమ్. నాలుగేళ్ళ మా అమ్మాయైనా ఎత్తుతుంది,” అందామె.

తర్వాత లైను లెక్కలు చూపించింది. ముందురోజు లెక్క నా తెర మీదికి వచ్చేసిన కాసేపటికి లైను పలకడం మానేసింది. మళ్ళీ పలికింది పొద్దున ఏడూ యాభైకి. ఆ మధ్యలో నా తెర మీదున్నది పాత బొమ్మ. “లైను పోతే కిటికీ మూసుకుపోదు, చెరిగిపోదు. చివర గీసింది అలాగే నిలబడి ఉంటుంది. చచ్చిపోయిన కిటికీకీ బతికున్న కిటికీకీ తేడా కనబడదు. ఇందులో ఎవరి తప్పూ లేదు మేడమ్, లైను తప్పు,” అంది.

ఆమె నివేదిక రాసింది. కేంద్రం పాత తీర్పుని రద్దు చేస్తోంది. నీ లెక్క సరైనదని లిఖితపూర్వకంగా ఒప్పుకుంటున్నారు. మేలో చిన్న సభ పెట్టి నిన్ను పిలుస్తారట. ఉత్తరం వచ్చే ఉంటుంది, లేదా రేపో మాపో వస్తుంది. దయచేసి వెళ్ళు. నన్ను సాక్షిగా సంతకం పెట్టమన్నారు. సోమవారం పెట్టాను.

కాబట్టి, ఎమ్నా, లైను చెడిపోయింది, అంతే. నువ్వు తప్పు చెయ్యలేదు. అప్పుడు నీ పక్షాన గట్టిగా నిలబడనందుకు నన్ను క్షమించు. వీలైతే రెండు ముక్కలు రాయి.

నీ స్నేహితురాలు అనిపించుకోవాలని ఆశపడుతున్న
వసీలా

తా.క.
7 ఏప్రిల్, ఆదివారం.

పైదంతా గురువారం రాసి కవరు అంటించాను. మూడు రోజులుగా సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాను, పోస్టు డబ్బాలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇవాళ చించి మళ్ళీ బయటికి తీశాను. ఇన్ని పేజీలు రాశాను, గడియారం మాట ఎక్కడా ఎత్తలేదు. నువ్వది గమనించకుండా ఉండవు.

నీ కిటికీ కుడివైపు మూల చిన్న గడియారం పెట్టావు. దాని ముల్లు సెకనుకోసారి కదిలేది. కిందే ఆ లెక్క ఎప్పుడు కట్టిందో రాసి ఉండేది. ముల్లుని కదిపేది ట్యూనిస్. అది ఆగిందంటే తెర మీద బొమ్మని నమ్మొద్దు, వెంటనే ఫోను చెయ్యి అని నాకు పదిసార్లు చెప్పావు. షెద్లీ గారు అడిగిన ప్రశ్నకి నువ్వు వెతికిన జవాబు అదే.

ఆ ఏడాది జనవరిలో నేను దాన్ని తీసేశాను.

సెకనుకోసారి ఆ ముల్లుని గీయడానికే మా లైనంతా సరిపోయేది. బాణాలు రావడానికి పావుగంట పట్టేది. కిటికీ బయట పడవలవాళ్ళు నిలబడి, “ఏం చెల్లీ, కెఫ్ పిల్ల ఇంకా నిద్ర లేవలేదా?” అని ఇకిలించేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. నా వైపు అమరికల్లో ఒక్క వాక్యం రాస్తే గడియారం, దాని కింది రాత రెండూ మాయమవుతాయని కనిపెట్టాను. రాశాను. బొమ్మ త్వరగా రావడం మొదలుపెట్టింది. నీకు చెబుదామనుకున్నాను. చెబితే ఒప్పుకోవని తెలుసు. అందుకే చెప్పలేదు.

ఆ ఉదయం ఆగిపోయిన ముల్లుని నేను చూడలేదు. ఎందుకంటే అక్కడ ముల్లే లేదు.

ఇంకా ఉంది. నీ ఫోను పెట్టేసిన వెంటనే నేను పరుగెత్తింది జెండా దగ్గరికి కాదు. కుర్చీలో కూర్చుని ఆ వాక్యాన్ని చెరిపేశాను. గడియారం మళ్ళీ వచ్చిందో లేదో చూసుకున్నాను. ముల్లు కదులుతోంది. ఆ తర్వాత వెళ్ళి జెండా ఎత్తాను. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రెండు నిమిషాల వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, పడవలు అప్పటికే చాలా దూరం వెళ్ళాయి. కానీ ఆ రెండు నిమిషాల్లో నేనెలాంటిదాన్నో నాకు తెలిసిపోయింది.

విచారణలో నువ్వు నన్ను అడిగింది ఒక్కటే. “వసీలా, గడియారం ఆడుతోందా?” అన్నావు. అందరి ముందూ నీ కళ్ళలోకి చూసి, “ఆడుతోంది,” అన్నాను. నువ్వు ఇంకేమీ అడగలేదు. నీకు అప్పుడే అర్థమైందని నా నమ్మకం. రుజువు లేక ఊరుకున్నావో, నన్ను కాపాడాలని ఊరుకున్నావో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం ఇబ్తిసాంకి ఫోను చేసి చెప్పాను. “మేడమ్, లైను తప్పని రాసేశాను కదా. నాకు మీరంటే ఇష్టం. అయినా దాన్ని కొట్టేసి మళ్ళీ రాస్తాను,” అంది. మార్చిన సాక్ష్యం మీద సంతకం పెట్టి అదే రోజు ట్యూనిస్‌కి పంపాను. పింఛను సంగతి ఏం చేస్తారో వాళ్ళిష్టం.

నిన్న మొదటి ఫెర్రీకి కెర్కెన్నా వెళ్ళాను. మన్సూర్ బాబాయి భార్య మబ్రూకా పిన్ని దగ్గరికి. ప్రతి పండక్కీ మిఠాయి పట్టుకుని వెళ్ళేదాన్ని, ఎండబెట్టిన ఆక్టోపస్ కట్టి ఇచ్చేది. మొదట అలాగే అనుకుని సంతోషంగా ఎదురొచ్చింది. పెరట్లో నిలబెట్టే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని భయం. యంత్రం సంగతి ఎలా చెప్పాలో తెలియక, “ఆ బొమ్మ పాతదో కొత్తదో చెప్పే గుర్తు ఒకటి ఉండేది పిన్నీ. నేను తీసేశాను. తర్వాత తియ్యలేదని అబద్ధమాడాను,” అన్నాను.

ఆమె చేతిలోని ఆక్టోపస్ ఎండగట్టే తాడు కింద పెట్టింది. “మరి ఆ కెఫ్ పిల్ల?” అంది.

“ఆమె సరిగ్గానే చెప్పింది. నాలుగింటికే చెప్పింది.”

“ఇరవై మూడేళ్ళు,” అంది మబ్రూకా పిన్ని. “ఇరవై మూడేళ్ళు ప్రతి నమాజు తర్వాతా దాని పేరు పెట్టి శపించాను. దానికి కడుపు పండకూడదన్నాను. దాని ఇంట దీపం వెలగకూడదన్నాను. నువ్వు నా పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ విన్నావు.”

విన్నాను, ఎమ్నా. నిజమే. అక్కడ కూర్చుని విన్నాను.

ఆమె ఏడవలేదు, అరవలేదు. నేను తెచ్చిన మిఠాయి డబ్బా నా చేతిలోనే పెట్టేసి, నీకు ఈ మాట రాయమంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను: “ఆ పిల్లని ఒకసారి రమ్మను. నేనన్నవన్నీ వెనక్కి తీసుకోవాలి. మనిషి ఎదురుగా లేకుండా ఎలా తీసుకోను?”

ఫెర్రీ స్ఫాక్స్ నుంచి రెండు గంటలకోసారి ఉంటుంది. దిగాక రమ్లా ఊరికి బస్సెక్కు. పోస్టాఫీసు వెనక సందులో మూడో ఇల్లు, గోడ పక్కన రెండు ఖర్జూరపు చెట్లు. మన్సూర్ పేరు చెబితే ఎవరైనా చూపిస్తారు.

ఆమె నిన్ను రమ్మంది. నన్ను ఇక రావద్దంది.